పథ్యం తప్పిన తల్లి

అబద్ధం చెప్పే తల్లి కుర్చీలో ఎలా కూర్చుంటుందో డైటీషియనుకు బాగా తెలుసు. అంచు మీద కూర్చుంటుంది. సంచి ఒళ్లో పెట్టుకుని జిప్పు మీద వేళ్లు వేసి ఉంచుతుంది. ఒకటి అడిగితే మూడు చెబుతుంది. చెప్పాక పిల్ల వైపు ఓ చూపు చూస్తుంది, అంతా సరిగ్గానే చెప్పానా అన్నట్టు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఆసుపత్రి పేగుల విభాగంలో, కిటికీ లేని అదే గదిలో, బరువు తూచే యంత్రం పక్కన కూర్చుని ఆమె ఇలాంటి వాళ్లను వందల మందిని చూసింది. దొంగచాటుగా తిండి పెట్టే వాళ్లను మూడు రకాలుగా విడదీసి పెట్టుకుంది కూడా. తల్లులు జాలిపడి పెడతారు. అమ్మమ్మలు, నాయనమ్మలు పంతం కొద్దీ పెడతారు. తండ్రులు ఏం పెట్టకూడదో తెలియక పెడతారు. ముగ్గురిలో తండ్రులే కాస్త నయమని ఆమె అభిప్రాయం. వాళ్లది ఒట్టి తెలివితక్కువతనం. దానికి మందు లేదు కనుక దాని మీద కోపమూ రాదు.

ఆ సోమవారం ఉదయం వచ్చిన తల్లి కుర్చీ అంచు మీదే కూర్చుంది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కాజాలు కుడుతుంది ఆవిడ. చీర మీద నీలం దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. పక్కన పన్నెండేళ్ల కూతురు నిలబడింది. సన్నగా, చెవులు రెండూ జుట్టులోంచి బయటికి పొడుచుకొచ్చి, ఎవరినీ నమ్మని కళ్లతో ఉంటుంది ఆ పిల్ల. వార్డులో నర్సులు దానికి కందిరీగ అని పేరు పెట్టారు. సూది గుచ్చిన ప్రతి నర్సుకీ అంతకంటే వాడిగా ఓ మాట గుచ్చి పంపించేది మరి.

పిల్లకు క్రోన్స్ జబ్బు. పేగు గోడ తనంతట తానే వాచి, పుండ్లు పడే జబ్బు అది. పెద్ద డాక్టరు మందులకు ముందు పథ్యం రాశాడు. ఎనిమిది వారాలపాటు ఏదీ నమలకూడదు. డబ్బాలో వచ్చే పోషకాల పొడిని కొలత ప్రకారం నీళ్లలో కలిపి, రోజుకు ఆరు గ్లాసులు తాగాలి. దాహమైతే మంచినీళ్లు. అంతే. పిల్లల్లో ఈ పథ్యం స్టెరాయిడ్లతో సమానంగా పనిచేస్తుంది, పైగా ఎదుగుదల ఆగదు. ఇది డైటీషియనుకు కేవలం చికిత్స కాదు, ఆమె పద్దెనిమిదేళ్ల పరువు. ఎక్కడైనా పథ్యం పనిచెయ్యలేదంటే, పనిచెయ్యంది పథ్యం కాదు, మనుషులు.

"ఏమ్మా, ఎలా తాగుతోంది?"

"బాగానే తాగుతోందండీ. ఆరు గ్లాసులూ తాగుతోంది. ఒక్క చుక్క వదలట్లేదు. గ్లాసులో అడుగున మిగిలినా నీళ్లు పోసి తొలిపి తాగిస్తున్నాను."

ఒకటి అడిగితే నాలుగు. డైటీషియను పెదవి ఒక పక్కకు లాగింది.

"చెప్పులు విప్పి ఎక్కు. జేబుల్లో ఏమున్నా తీసి బల్ల మీద పెట్టు."

కందిరీగ జేబులోంచి ఒక రుమాలు, ఒక పెన్సిలు తీసి పెట్టింది. పెన్సిలు వెనక భాగం పంటిగాట్లతో నలిగిపోయి, లోపలి సీసం కనిపిస్తోంది.

"ఇదేంటి?"

"పెన్సిలు."

"నములుతున్నావా?"

"మింగట్లేదు లెండి. పెన్సిలు కూడా పథ్యం తప్పడమేనా?"

"నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది," అంది డైటీషియను, బరువు చూస్తూ. ఎనిమిది వందల గ్రాములు తగ్గింది. పెరగాల్సిన చోట తగ్గింది. ఆమె మలపరీక్ష కాగితం తెరిచింది. పేగు వాపును చెప్పే అంకె నాలుగు వారాల కిందట పదకొండు వందలుంది. ఈపాటికి సగానికి సగం పడిపోవాలి. పద్నాలుగు వందలుంది.

ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టి, తల్లి వైపు తిప్పి, ఆ అంకె కింద గోటితో గీత గీసింది. తరువాత పిల్లను బయట బెంచీ మీద కూర్చోమంది.

తలుపు మూసుకున్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. అది ఆమె పద్ధతి. మౌనంగా ఉంటే అవతలి వాళ్లు తామే నింపుతారని ఆమెకు తెలుసు.

"ఏం పెట్టారు?"

"ఏమీ పెట్టలేదండీ."

"చూడమ్మా, నేను పోలీసును కాదు. మీరు పెడితే కొట్టను, తిట్టను. కానీ ఈ కాగితం అబద్ధం చెప్పదు. రోజూ ఆరు గ్లాసులు తాగిన పిల్లకు ఇంత వాపు రాదు."

"ఒట్టండీ. ఇంట్లో పొయ్యి కూడా వెలిగించట్లేదు, వాసన వస్తే దానికి బాధని. నేను కార్ఖానాలోనే తినేసి వస్తున్నాను."

"అందరూ అదే చెప్తారు." డైటీషియను ముందుకు వంగింది. "సరే, మీరు ఏమీ పెట్టలేదనే అనుకుందాం. అప్పుడు అర్థమేంటో తెలుసా? ఈ పథ్యం మీ అమ్మాయికి పనిచెయ్యదని. ఇది పనిచెయ్యకపోతే రేపు పేగు మూసుకుపోవచ్చు. అప్పుడు ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టి ముక్క కోసి తీస్తారు. అదే మీరు ఏదో పెట్టారనుకోండి, అప్పుడు తప్పు మీది, పథ్యానిది కాదు. మళ్లీ మొదలుపెట్టొచ్చు, పిల్ల బాగుపడుతుంది. ఇప్పుడు చెప్పండి. పెట్టారా, లేదా?"

తల్లి వేళ్లు జిప్పును ముందుకీ వెనక్కీ లాగాయి. కాజా కుట్టే వేళ్లు, కొసల్లో సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలతో. ఆవిడ మూసిన తలుపు వైపు చూసింది. కాగితం వైపు చూసింది. కాసేపటికి, ఏదో బరువు ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకున్నట్టు పీల్చి, "పెట్టానండీ," అంది.

"ఏం పెట్టారు?"

"బిస్కెట్లు. క్రీము ఉంటుందే, అవి."

"ఎప్పుడు?"

"రెండో వారంలో. బుధవారం. తరువాత కూడా... రెండు మూడు సార్లు."

డైటీషియను వెనక్కి వాలింది. పంటి సందున ఇరుక్కున్నది బయటికొచ్చినంత సుఖంగా అనిపించింది ఆమెకు. ఫైలు తెరిచి రాసింది: పథ్యం తప్పారు. తల్లి ఒప్పుకుంది. రేపటి నుంచి మళ్లీ ఒకటో రోజు.

పిల్లను లోపలికి పిలిచింది. "మీ అమ్మ చెప్పేసింది. పోయిన ఇరవై ఎనిమిది రోజులూ లెక్కలోకి రావు. రేపటి నుంచి కొత్తగా మొదలు."

కందిరీగ డైటీషియను వైపు చూడలేదు. తల్లి వైపు తిరిగింది. "ఏం చెప్పావు?"

"బిస్కెట్లు పెట్టానని చెప్పాను తల్లీ."

"ఎవరికి?"

తల్లి సంచి జిప్పు మూసింది.

"ఎవరికి పెట్టావమ్మా? ఇంట్లో ఇంకో పిల్లుందా?"

"అమ్మను కాపాడుకోవడం మంచిదే," అంది డైటీషియను, "కానీ దానివల్ల నీ పేగు బాగుపడదు. బుధవారం క్లాసుకి ఇద్దరూ రండి. సక్రమంగా చేసినవాళ్లు ఎలా ఉంటారో చూద్దురుగాని."

పిల్ల పెన్సిలు తీసుకుని జేబులో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. పన్నెండేళ్ల ముఖంలో అంత ఈసడింపు ఇమడడం డైటీషియను అంతకుముందు చూడలేదు. చూసినా పట్టించుకోలేదు. పిల్లల ముఖాలు పరీక్ష కాగితాలు కావు.

సాయంత్రం ఫైళ్లన్నీ పెద్ద డాక్టరు గదికి వెళ్లాయి. ఆయన ఆమె రాసింది చదివి, తల ఎత్తకుండానే, "ఈ తల్లులు మారరు," అని సంతకం పెట్టాడు.

*

బుధవారం క్లాసు మూడో అంతస్తులో, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు పట్టే గదిలో జరుగుతుంది. గోడ మీద పేగు బొమ్మ, పక్కన వద్దన్న పదార్థాల పట్టిక. ఆ పట్టిక చదివిన వాళ్లెవరికైనా ఇక గాలి తప్ప ఏమీ మిగల్లేదనిపిస్తుంది. ఆ రోజు పదకొండు మంది వచ్చారు. తల్లీకూతుళ్లు చివరి వరసలో కూర్చున్నారు.

డైటీషియను ఉపన్యాసం మొదలుపెట్టింది. మొదటి దశలో ద్రవాహారం ఎందుకు, తరువాత దశలో ఒక్కొక్కటిగా తిండి ఎలా కలపాలి, పెద్దవాళ్లకు, పిల్లలకు తేడా ఏమిటి, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. చివర్లో గొంతు మార్చింది.

"మొన్న ఒకావిడ వచ్చారు. పేరు చెప్పను. నాలుగు వారాలు పిల్లను కష్టపెట్టారు, మధ్యలో జాలి పుట్టుకొచ్చి బిస్కెట్లు పెట్టారు. ఏమైంది? మొత్తం మొదటికొచ్చింది. ఈ జాలి ఉంది చూశారూ, పిల్లలకి దీన్ని మించిన శత్రువు లేదు."

పదకొండు తలల్లో కొన్ని చివరి వరస వైపు తిరిగాయి. చాలాసేపు ఏడ్చిన కళ్లు పేరు చెప్పకపోయినా కనిపిస్తాయి. కాజాలు కుట్టే ఆవిడ ఒళ్లో సంచిని సర్దుకుంది.

"ఇప్పుడు ఈయన్ని చూడండి."

ముందు వరసలోంచి డ్రైవింగ్ మాస్టారు లేచాడు. నలభై రెండేళ్లవాడు, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. అతనికీ అదే జబ్బు. పెద్ద డాక్టరు మాత్రలతో పాటు ఆరు వారాల ద్రవాహారం రాశాడు. మొన్నటి పరీక్షలో అంకె తొంభైకి దిగింది. ఈ విభాగంలో పెద్దవాళ్లలో అంత మంచి ఫలితం రెండేళ్లలో రాలేదు. ఆ కాగితాన్ని డైటీషియను పటం కట్టించలేదన్న మాటే గాని, అంత పనీ చేసింది. పేరు కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించింది.

"మనసులో బ్రేకు ఉండాలండీ," అన్నాడు డ్రైవింగ్ మాస్టారు. "నేను మా స్టూడెంట్లకి చెప్పేదీ అదే. యాక్సిలరేటరు ఎవడైనా తొక్కుతాడు. బ్రేకు తొక్కినవాడే డ్రైవరు. ఎదురుగా భోజనం కనిపిస్తే బ్రేకు తొక్కాను. అంతే." అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. డైటీషియను చప్పట్లు మొదలుపెట్టింది.

చప్పట్లు ఆగాక చివరి వరసలో చెయ్యి లేచింది.

"మీ నాలుక ఎన్నో వారంలో తెల్లబడింది?" అంది కందిరీగ.

"నాలుకా?"

"ఏదీ నమలకపోతే నాలుక మీద తెల్లగా పేరుకుంటుంది కదా. నాకు పదో రోజుకి వచ్చింది. గుడ్డతో తుడుచుకుంటే గాని పోదు. మీకు ఎన్నో వారం?"

"ఆఁ... రెండో వారం అనుకుంటా."

"కలలో ఏం నమిలేవారు?"

డ్రైవింగ్ మాస్టారు చుట్టూ చూశాడు. "కలలు నాకు గుర్తుండవమ్మా."

"ఇది గుర్తుంటుంది. నాకు వారం రోజులు ఒకటే కల. తలగడ తింటున్నట్టు. లేచేసరికి నిజంగానే తలగడ కొస నోట్లో ఉండేది. సరే, దవడ ఎప్పుడు నొప్పి పుట్టింది? వాడకపోతే ఇక్కడ, చెవి కింద, పట్టేస్తుంది."

అతను చెవి కింద చెయ్యి పెట్టుకున్నాడు, అక్కడేమైనా ఉందా అని చూసుకుంటున్నట్టు.

"ఈయన తాగలేదు," అంది పిల్ల. గట్టిగా అనలేదు. నల్లబల్ల మీద లెక్క తప్పు పోయిందని చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు తప్పు చేశావని అందరూ చేశారనుకోకు," అంది డైటీషియను. "కూర్చో."

"నేను కూర్చునే ఉన్నాను."

తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని లేపి, వంగి వంగి, కుర్చీల మధ్య నుంచి బయటికి తీసుకెళ్లిపోయింది. ఎవరి కాళ్లకూ తగలకుండా నడవాలన్న జాగ్రత్త తప్ప ఆవిడ ముఖంలో ఇంకేమీ లేదు.

క్లాసు అయ్యాక డైటీషియను పేగు బొమ్మ చుడుతుంటే డ్రైవింగ్ మాస్టారు తలుపు దగ్గరే నిలబడ్డాడు. అందరూ వెళ్లేదాకా ఆగాడు.

"ఆ కాగితం బోర్డు మీంచి తీసెయ్యండి మేడమ్."

"ఎందుకు? చిన్నపిల్ల ఏదో అందని..."

"చిన్నపిల్ల కాదు మేడమ్ అది, ఆర్టీఓ ఆఫీసులో ఉండాల్సిన మనిషి. నన్ను నిలబెట్టి లైసెన్సు ఊడబీకింది." నవ్వబోయి మానుకున్నాడు. "రెండో వారం నుంచి పొద్దున పూట ఒక గ్లాసు తాగేవాణ్ణి. మధ్యాహ్నం, సాయంత్రం మామూలుగానే తిన్నాను. అన్నీ తిన్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు, డబ్బాలన్నీ ఆఫీసులో ఒలకబోశాను."

"తిన్నారా? అంకె తొంభై ఉంది."

"ఉంది మేడమ్. మాత్రలు పడ్డాయేమో, నా అదృష్టమేమో. మీరు భుజం తట్టేసరికి నోరు రాలేదు. చప్పట్లు కొట్టేవాళ్లకి నిజం ఎలా చెప్తాం చెప్పండి?" అతను కాసేపు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఆ పిల్ల మాత్రం తాగింది. అది నేను రాసిస్తాను."

అతను వెళ్లిపోయాడు. డైటీషియనుకు ముందు అతని మీద కోపం వచ్చింది. బద్మాష్, ఎదురుగా నిలబడి బ్రేకు గురించి పాఠం చెప్పాడు. ఆ కోపాన్ని ఆమె కాసేపు చేతిలో వేడి గ్లాసులా పట్టుకుని తిరిగింది. కానీ గదికి వచ్చి కూర్చునేసరికి అది చల్లారి, కింద ఇంకోటి తేలింది. తిన్నవాడికి అంకె పడిపోయింది. కాగితం అబద్ధం చెప్పదు, నిజమే. కానీ కాగితం ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో అసలు చెప్పనే లేదు. ఆ మాట ఇన్నాళ్లూ చెప్పింది తను.

ఆమె బీరువా తెరిచి పాత ఫైళ్లు తీసింది. ఫలితం రాని వాళ్లవి. ఒక్కొక్కటే చివరి పేజీ తిప్పింది. పథ్యం తప్పారు. పథ్యం తప్పారు. పథ్యం తప్పారు. చేతిరాత తనదే, ఒకే ఒంపు, ఒకే చుక్క. ఇరవై మూడు ఫైళ్లు. వాటిలో ఒక్కదాన్లో కూడా, పథ్యం సరిగ్గానే చేశారు, అయినా పనిచెయ్యలేదు అని లేదు. చేసిన పిల్లల్లో అయిదుగురిలో ఒకరికి ఇది పనిచెయ్యదని చదువుకునే రోజుల్లో తనే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది.

*

గురువారం మధ్యాహ్నం ఆమె యూనిఫారాల కార్ఖానాకు వెళ్లింది. ఫోను చెయ్యొచ్చు. చెయ్యలేకపోయింది, ఫోనులో కుర్చీలు కనిపించవు.

పొడుగాటి రేకుల షెడ్డు. నాలుగు వరసల మిషన్లు. ఒక వరస కాలర్లు, ఒక వరస చేతులు, చివర్లో కాజాలు, గుండీలు. రంగు చొక్కాలు గుట్టలు గుట్టలుగా నేల మీద పడి ఉన్నాయి. చప్పుడుకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు. కాజాలావిడ ఆమెను చూడగానే పాదం ఆపి, మిషను చక్రం మీద చెయ్యి వేసి గభాల్న లేచింది.

"పిల్లకేమైనా అయిందా?"

"లేదు, లేదు. కూర్చోండి. ఒక్క మాట అడగాలి. ఏ బిస్కెట్లు పెట్టారు?"

ఆవిడ కూర్చుంది. చొక్కా ముక్క అందుకుని, కాజా గుర్తు సూది కిందికి జరిపింది. "చెప్పాను కదండీ. ఉప్పువి."

"సోమవారం క్రీమువన్నారు."

"రెండూ... రెండూ పెట్టానండీ."

"ఎన్నో వారం?"

"మూడో వారం. ఆదివారం." మిషను చప్పుడు చేసింది. కాజా అయిపోయింది. ఆవిడ చొక్కా జరపకుండా మళ్లీ పాదం నొక్కింది. సూది అదే కాజా మీద రెండోసారి నడిచింది.

అబద్ధాలు పట్టడం డైటీషియనుకు వచ్చిన విద్యే. ఈసారి అది ఏ అడ్డూ లేకుండా పనిచేసింది. ఈవిడకు అబద్ధం చెప్పడమే చేతకాదు. సోమవారం కుర్చీ అంచు మీద కూర్చుని చెప్పిందంతా నిజం. అందులో డైటీషియను నమ్మిన ఒప్పుకోలు ఒక్కటే అబద్ధం.

"మీరేమీ పెట్టలేదు కదూ?"

ఆవిడ మిషను మీంచి పాదం తీసింది. పక్క మిషన్లు గడగడలాడుతున్నాయి.

"మరి పెట్టానని ఎందుకు చెప్పారు?"

"మీరే కదమ్మా చెప్పారు." ఆవిడ తల ఎత్తింది. గొంతులో నింద లేదు. అర్థం కానివాళ్లకు రెండోసారి చెబుతున్నట్టుంది. "నేను పెట్టి ఉంటే తప్పు నాది, పిల్ల బాగుపడుతుంది అన్నారు. పెట్టకపోతే ఇది దానికి పనిచెయ్యనట్టే, కోస్తారు అన్నారు. రెండిట్లో ఏది ఒప్పుకుంటారు ఎవరైనా? పెట్టాను అంటే ఇంకో దారి ఉన్నట్టు కదా. అందుకని పెట్టాను."

షెడ్డులో వేడిగా ఉంది. డైటీషియను మెడ వెనక చెమట జాకెట్టులోకి జారింది. ఆమె ఇంకో మిషను పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. జీవితంలో మొదటిసారిగా ఒక తల్లి ముందు కుర్చీ అంచు మీద కూర్చుంది.

"ఆపరేషనొక్కటే కాదు," అంది. "మధ్యలో మందులున్నాయి. నరానికి ఎక్కించే ఇంజెక్షనుంది. చాలామంది పిల్లలకి బాగా పనిచేస్తుంది. నేను... నేను అది చెప్పలేదు మీకు."

"ఎందుకు చెప్పలేదు?"

జవాబు ఉంది. చెబితే మీరు ఒప్పుకునేవారు కాదు. ఆ మాట పైకి అనకుండా ఆమె నేల మీద పడ్డ చొక్కా ఒకటి తీసి గుట్ట మీద పెట్టింది.

"పొడి ఆపెయ్యమంటారా మరి?" అంది కాజాలావిడ. "పొద్దున కూడా రెండు గ్లాసులు తాగింది. నాతో మాట్లాడకుండా తాగింది. సోమవారం నుంచి మాట్లాడట్లేదు."

"ఆపకండి, కడుపు నిండాలి కదా. నేను డాక్టరుగారితో మాట్లాడి ఫోను చేస్తాను."

పెద్ద డాక్టరు కంప్యూటరు తెర మీదే కళ్లు పెట్టి విన్నాడు.

"ఒప్పుకుందని నువ్వే రాశావుగా?"

"నేనే ఒప్పించాను సార్. పిల్ల ఏమీ తినలేదు. వాపు పెరుగుతోంది. మళ్లీ ఎనిమిది వారాలంటే ఆలస్యం చేస్తున్నట్టే. ఇంజెక్షను మొదలుపెట్టాలి. దానికి ముందు చెయ్యాల్సిన పరీక్షలు జబ్బు తేలినప్పుడే చేశాం."

"సరే, శనివారం పెట్టు." ఆయన మౌసు నొక్కాడు. "ఫైల్లో మాత్రం ఇదంతా రాయకు. స్పందన సరిపోలేదు అని రాయి చాలు. రేపు వాళ్లు ఫైలు చదువుతారు, అనవసరంగా తలనొప్పి."

నాలుగు వారాల్లో ఆయన ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసింది ఒక్కసారి. ఆయన తల ఎత్తని తనాన్ని ఇన్నేళ్లూ తన మీద నమ్మకమనుకుంది డైటీషియను. ఇప్పుడు చూస్తే అది ఒట్టి బద్ధకం. ఆమె తన గదికి వచ్చి, తలుపు వేసుకుని, పాత వాక్యం కింద తేదీ వేసి రాసింది: తల్లి పథ్యం తప్పలేదు. నేను భయపెట్టి చెప్పించాను. పిల్ల ఇరవై ఎనిమిది రోజులూ పూర్తిగా ద్రవాహారం మీదే ఉంది. సంతకం పెట్టింది. పేరులో ఒక అక్షరం వంకర పోయింది.

*

శనివారం ఉదయం కందిరీగ వాలుకుర్చీలో కాళ్లు చాపుకుని ఉంది. ఎడమ చేతికి సెలైను గొట్టం, పైన వేలాడే సంచిలోంచి మందు చుక్క చుక్కగా దిగుతోంది. రెండు గంటలు పడుతుంది. డైటీషియను వచ్చి పక్కన నిలబడింది.

"నేను తప్పు చేశాను," అంది. "నువ్వు ఏమీ తినలేదు. ఫైల్లో కూడా మార్చి రాశాను."

"నాకెందుకు చెప్తున్నారు? నేను తినలేదని నాకు తెలుసుగా."

"బుధవారం క్లాసులో కూడా చెప్తాను."

"పేరు చెప్పకుండానా?" పిల్ల చుక్కలనే లెక్కపెడుతున్నట్టు పైకి చూసింది. "మొన్న కూడా పేరు చెప్పలేదు. అయినా అందరూ మా అమ్మనే చూశారు."

"పేరు చెప్పే చెప్తాను. మీ అమ్మ ఒప్పుకుంటే."

"మా అమ్మ దేనికైనా ఒప్పుకుంటుంది. చూశారుగా." కందిరీగ తలుపు వైపు చూసింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో ములుకు లేదు, పన్నెండేళ్లే ఉన్నాయి. "మీరు బయటికెళ్లి తనతో మాట్లాడండి. నిన్న అంతా అదోలా ఉంది. నిజంగానే పెట్టానేమోనే అంటోంది."

"ఏంటీ?"

"అవును. నేను తనతో మాట్లాడట్లేదు. పొద్దున్నే గ్లాసులన్నీ బయటికి తీసి వాసన చూస్తోంది."

నడవాలో బెంచీ మీద కాజాలావిడ ఒక్కతే కూర్చుని ఉంది. సంచి పక్కన పెట్టింది. చేతులు రెండూ ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. డైటీషియను పక్కన కూర్చుంది.

"ఎక్కిస్తున్నారండీ?"

"ఆఁ, బాగానే ఎక్కుతోంది."

"నేనొకటి అడగనా?" ఆవిడ గొంతు తగ్గించింది. "మొదటి వారంలో ఒక రోజు పొడి కలిపే చెంచా కనబడకపోతే నా చెంచాతో కలిపాను. అన్నం తిన్న చెంచా. కడిగాననుకుంటా. కడగలేదేమో."

"దానివల్ల కాదమ్మా."

"పళ్లు తోముకునే పేస్టు తియ్యగా ఉంటుంది కదా. మింగిందేమో."

"కాదు. పేస్టువల్ల కాదు."

"నీళ్లు కాచి చల్లార్చమన్నారు. రెండు సార్లు చల్లారకుండానే కలిపేశాను, కార్ఖానాకి టైమైపోతోందని. వేడికి పొడిలో ఉన్నవన్నీ చచ్చిపోయుంటాయి."

"లేదు. దానికి ఇలా అవ్వదు."

"కడుపుతో ఉన్నప్పుడు నేను సరిగ్గా తినలేదు. ఏదీ లోపల నిలిచేది కాదు."

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"నా చేతులకి ఎప్పుడూ దారం దుమ్ము ఉంటుంది. ఎంత కడిగినా పోదు."

"అదీ కాదమ్మా."

ఒక్కొక్కటే తీసి ముందు పెడుతోంది ఆవిడ, ఏదో ఒకటి చాలకపోతుందా అన్నట్టు. తడి చేత్తో డబ్బా మూత తీసింది. ఒక ఆదివారం గంట ఆలస్యంగా తాగించింది. పిల్ల ఏడుస్తుంటే ఒకసారి విసుక్కుంది. డైటీషియను ప్రతిదానికీ కాదు, కాదు అంటూనే ఉంది. ఎదుటివాళ్ల నోటి నుంచి ఒక్క ఒప్పుకోలు రాబట్టడానికి ఎన్ని యుక్తులైనా తెలిసిన మనిషికి, వచ్చిన వాటిని వెనక్కి పంపడానికి ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ దొరకలేదు.

చివరికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు. చేతులు తిప్పి అరచేతులు చూసుకుంది.

"మరి ఎవరివల్ల?"

"ఎవరివల్లా కాదు. కొంతమంది పిల్లల ఒంటికి ఆ పథ్యం పడదు. అంతే. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా పడదు."

కాజాలావిడ మెల్లగా తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. అంత దగ్గర నుంచి, అంత తిన్నగా ఆ ఆసుపత్రిలో ఎవరినీ చూడలేదు ఆవిడ అంతవరకు.

"ఇది మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"సోమవారం కూడా తెలుసా?"

డైటీషియను తల ఊపింది.

ఆవిడ సంచి తీసుకుని భుజానికి వేసుకుంది. లేచి, చీర మీది దారప్పోగు ఒకటి తీసి నేల మీద పడేసి, కూతురున్న గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. లోపల్నుంచి పిల్ల గొంతు వినబడింది, అయిదు రోజుల తరువాత మొదటిసారి తల్లితో: "ఇక్కడ కూర్చో అమ్మా. ఈ పక్కన చెయ్యి ఖాళీగానే ఉంది."